బెంగ పెట్టుకున్న పాపతో ‘ఇన్‌సైడ్ అవుట్’ ఎలా చూడాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. జూన్‌లో వరంగల్ నుంచి పూణే మారారు. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు నాలుగున్నర. అక్కడ గలగలా మాట్లాడే పిల్ల ఇప్పుడు స్కూల్ ఎలా ఉందని అడిగితే “బాగుంది” అని ఒక్క మాట చెప్పి గదిలోకి వెళ్లిపోతోంది. మీ ఆఫీసులో ఒకరు ‘ఇన్‌సైడ్ అవుట్’ అనే యానిమేషన్ సినిమా చూపించమన్నారు, ఇంకొకరు అందులో పిల్లలు వెక్కివెక్కి ఏడ్చే సీను ఉంది, వద్దన్నారు. మీ అత్తగారు కూడా “అసలే దిగులుగా ఉన్న పిల్లకు ఏడుపు సినిమా ఎందుకు” అంటున్నారు. చూపించాలా, చూపిస్తే ఎలా, తర్వాత ఏం మాట్లాడాలి అని మీ సందేహం.

చూపించండి. అయితే ముందు మీరూ మీవారూ చూడండి, పిల్లలు పడుకున్నాక. సినిమా గంటా ముప్పై ఐదు నిమిషాలే. ఇరవై రెండేళ్లుగా స్కూళ్లలో పిల్లల కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. 2015లో ఈ సినిమా వచ్చినప్పటి నుంచి పిల్లలతో, తల్లిదండ్రులతో కలిసి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. పిల్లల కంటే ముందు పెద్దవాళ్లు చూడాలని నేను అనడానికి కారణం అందులో ఒక చిన్న సీను.

కథ మీ ఇంటి కథే అనుకోండి. రైలీ అనే పదకొండేళ్ల అమ్మాయి. అమెరికాలో మినెసోటా అనే చలి రాష్ట్రంలో పుట్టి పెరిగింది. నాన్న పని కోసం ఇల్లు ఖాళీ చేసి శాన్‌ఫ్రాన్సిస్కో వస్తారు. కొత్త ఇల్లు ఇరుకు, సామాన్ల లారీ ఎక్కడో ఆగిపోయింది, నాన్న ఎప్పుడూ ఫోన్‌లో టెన్షన్‌గా ఉంటాడు. అప్పుడొక రాత్రి అమ్మ పడుకోబోతున్న రైలీ పక్కన కూర్చుని, నాన్నకు ఇప్పుడు చాలా ఒత్తిడిగా ఉంది, మనిద్దరం నవ్వుతూ ఉంటే ఆయనకు సాయంగా ఉంటుంది అని ప్రేమగా అడుగుతుంది. రైలీ సరేనంటుంది. ఆ తల్లిలో తప్పు వెతకలేం. మనలో ఎవరైనా అదే మాట అంటాం. కానీ ఆ రాత్రి నుంచి ఆ పిల్లకు ఇంట్లో బెంగ చూపించుకునే చోటు లేకుండా పోయింది.

నేనూ ఆ మాట అన్నాను. 2009లో మేం కాకినాడ నుంచి హైదరాబాద్ వచ్చినప్పుడు మా అబ్బాయికి ఏడేళ్లు. “నాన్నకి కొత్త ఉద్యోగం, నువ్వు గుడ్ బాయ్‌లా ఉండాలి” అని చెప్పాను. వాడు నిజంగానే గుడ్ బాయ్‌లా ఉన్నాడు. ఒక్క పేచీ లేదు, ఒక్క మారాం లేదు. పిల్లాడు బాగా సర్దుకున్నాడని అందరికీ చెప్పుకున్నాను. నాలుగు నెలల తర్వాత దిండు గలీబు మారుస్తుంటే లోపల పాత స్కూల్ టై, బెల్టు మడిచి పెట్టి ఉన్నాయి. అప్పటికే నేను ఇతరుల పిల్లలకు కౌన్సెలింగ్ చేస్తున్న మనిషిని. ఆ టై చేతిలో పట్టుకుని ఆ మంచం మీద ఎంతసేపు కూర్చున్నానో ఇప్పటికీ గుర్తుంది.

అందుకే మీ ప్రశ్నలో “పాప ఏమీ ఏడవడం లేదు, గొడవ చేయడం లేదు, అదే కాస్త ఊరట” అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. సినిమాలో రైలీ బుర్రలో ఒక కంట్రోల్ బోర్డు ఉంటుంది. ఆనందం, దిగులు, కోపం, భయం, ఏవగింపు, ఈ ఐదుగురూ దాని బటన్లు నొక్కుతూ ఉంటారు. కొత్త స్కూల్ మొదటి రోజు ఆనందం నేల మీద సుద్దతో ఒక గీత గీసి, ఈ గుండ్రం దాటి రావొద్దని దిగులుకు చెబుతుంది. చివరికి ఏమవుతుంది? దిగులు దూరమైతే ఆనందం మిగలదు. ఆ బోర్డే నల్లగా మొద్దుబారిపోతుంది. ఏ బటన్ నొక్కినా పనిచేయదు. రైలీ ఏడవదు, నవ్వదు, అమ్మ పర్సులోంచి కార్డు తీసి మినెసోటా బస్సు ఎక్కేస్తుంది. ముడుచుకుపోయిన పిల్లల గురించి తల్లిదండ్రులకు నేను ఏళ్ల తరబడి చెప్పడానికి తంటాలు పడ్డ విషయాన్ని ఆ నల్లబడ్డ బోర్డు అర నిమిషంలో చూపించింది. ఏడ్చే పిల్ల ఇంకా మనకు ఏదో చెబుతోంది. “బాగుంది” అని తలుపు వేసుకున్న పిల్ల గురించే నాకు ఎక్కువ బెంగ.

ఈ సినిమా పుట్టుక కూడా ఇలాంటి ఇంట్లోంచే. దర్శకుడు పీట్ డాక్టర్‌కు ఒక కూతురు ఉంది. ‘అప్’ సినిమాలో చిన్నప్పటి ఎల్లీకి గొంతిచ్చింది ఆ అమ్మాయే. పదకొండేళ్లు వచ్చేసరికి ఆ అల్లరి పిల్ల ముభావంగా మారిపోయింది. వీళ్ల బుర్రలో ఏం జరుగుతోందో అన్న తండ్రి ప్రశ్నే కథ అయింది. ఆయన కూడా చిన్నప్పుడు కుటుంబంతో డెన్మార్క్ వెళ్లి, కొత్త చోట ఒంటరితనం అనుభవించినవాడే. సలహా కోసం డేకర్ కెల్ట్‌నర్, పాల్ ఎక్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలను అడిగారు. ముఖంలో కనిపించే భావాల మీద జీవితమంతా పనిచేసినవాడు ఎక్మన్. అన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటి. మొదట చాలాకాలం ఆనందం, భయం కలిసి ప్రయాణం చేసేట్టుగా కథ రాసుకున్నారు. అది ఎటూ కదల్లేదు. తర్వాతే ఆనందం పక్కన నడవాల్సింది దిగులని తెలుసుకుని కథ తిరగరాశారు. అంత పెద్దవాళ్లకే దిగులు విలువ తెలియడానికి ఏళ్లు పట్టింది, మనకు ఒక్క సాయంత్రంలో పట్టుబడకపోతే కంగారు పడక్కర్లేదు.

ఇప్పుడు అసలు సీను గురించి. బింగ్ బాంగ్ అని రైలీ చిన్నప్పుడు ఊహించుకున్న స్నేహితుడు ఉంటాడు. కొంత ఏనుగు, కొంత పిల్లి, ఒళ్లంతా పీచుమిఠాయి. వాడికి ప్రాణమైన బొమ్మ రాకెట్‌ను, వాడు చూస్తుండగానే మరచిపోయిన జ్ఞాపకాల గోతిలోకి తోసేస్తారు. వాడు కూలబడిపోతాడు. ఆనందం వచ్చి చక్కిలిగింతలు పెడుతుంది, పిచ్చి ముఖాలు పెడుతుంది, పద పద మనకు టైం లేదంటుంది. వాడు కదలడు. అప్పుడు దిగులు వచ్చి పక్కన కూర్చుంటుంది. నీకు ఇష్టమైనది తీసుకెళ్లిపోయారు కదా, ఇక రాదు కదా అంటుంది. అంతే. వాడు ఆ రాకెట్ గురించి చెప్పుకుని, దిగులును పట్టుకుని ఏడ్చి, కళ్లు తుడుచుకుని లేచి, పదండి అంటాడు. ఆనందానికి అర్థం కాదు, నువ్వేం చేశావని అడుగుతుంది. మీరూ మీవారూ సినిమా చూసేటప్పుడు ఈ సీను ఇంకోసారి వెనక్కి వేసి చూడండి. మీరు ఇన్నాళ్లూ పాపకు కొత్త సైకిల్ కొనిస్తామన్నారు, ఇక్కడ మాల్స్ బాగుంటాయన్నారు, త్వరలో బోలెడు మంది ఫ్రెండ్స్ అవుతారన్నారు. అవన్నీ చక్కిలిగింతలే. ప్రేమతో పెట్టినవే, కాదనను. పాపకు కావాల్సింది పక్కన కూర్చుని “వరంగల్‌లో మన డాబా, కింద పోర్షన్ అక్క, నీ బెంచీ ఫ్రెండ్... అవన్నీ పోయాయి కదమ్మా” అనే మనిషి. అది అంటే ఏడుస్తుందేమోనని భయం వేస్తుంది. ఏడుస్తుంది కూడా. ఏడవనివ్వండి.

మీవారికి ప్రత్యేకంగా చూపించాల్సింది భోజనాల బల్ల దగ్గర సీను. అమ్మానాన్నల బుర్రల్లోకి కూడా కెమెరా వెళ్తుంది. అమ్మ బుర్రలో బోర్డు మధ్యలో కూర్చున్నది దిగులు, నాన్న బుర్రలో కోపం. నాన్న మనసు ఆటలో ఉంటుంది, కూతురు ఏమందో వినడు. చివరికి గొంతు పెంచి పిల్లను గదిలోకి పంపి, సమస్య పరిష్కరించానని లోపల్లోపల సంబరపడతాడు. ఈ సీనుకు నాన్నలందరూ నవ్వుతారు, ఆ నవ్వు తర్వాత కాసేపు మౌనంగా ఉంటారు. ఆ మౌనంలో మీరు వేరే ఏమీ చెప్పక్కర్లేదు.

ఇక పిల్లలతో చూసే రోజు. శని, ఆదివారాల్లో మధ్యాహ్నం భోజనం తర్వాత పెట్టుకోండి. రాత్రి పడుకునే ముందు వద్దు, ఎందుకంటే సినిమా అయ్యాక పిల్లలకు తిరగడానికి, మాట్లాడటానికి, మీ మీద పడి దొర్లడానికి టైం కావాలి. సోఫాలో వరుసగా కాకుండా కింద చాప, దిండ్లు వేసుకుని ఒకరికొకరు తగిలేట్టు కూర్చోండి. భాష ముందే చూసుకోండి. పాపకు ఇంగ్లీష్ వేగం అందకపోతే మీకు దొరికిన ఆడియోలో పెట్టి, అవసరమైన చోట మీరే రెండు ముక్కలు తెలుగులో చెప్పండి. మొదట్లో చంటి రైలీ బ్రోకలీ వద్దని గొడవ చేస్తుంది. జపాన్ పిల్లలకు బ్రోకలీ ఇష్టమని అక్కడి సినిమాలో దాన్ని క్యాప్సికంగా మార్చారు. మీరు హాయిగా కాకరకాయ అని చెప్పేయండి.

నాలుగున్నరేళ్ల బాబు విషయం వేరు. వాడికి కథ సగమే అందుతుంది. మనసు లోపల ఒక చీకటి గుహలో పెద్ద జోకర్ నిద్రపోతూ ఉంటాడు, వాడు లేచే చోట చిన్నపిల్లలు నిజంగా భయపడతారు. రైలీ మనసులో తన స్వభావాన్ని చూపించే ద్వీపాలు ఉంటాయి, అవి కూలిపోయే చోట కూడా. ఆ సీన్లు మీకు ముందే తెలిసి ఉంటాయి కాబట్టి అవి వచ్చే ముందు వాడిని ఒళ్లోకి తీసుకోండి, లేదా నానమ్మతో బాల్కనీలోకి పంపండి. వాడు మధ్యలో లేచి కార్లు ఆడుకుంటే ఆడుకోనివ్వండి.

సినిమా నడుస్తుంటే ఆపి ప్రశ్నలు వేయకండి. “చూశావా, నువ్వూ ఇలాగే చేస్తున్నావు” అని అసలు అనకండి. ఇంతకన్నా ముఖ్యమైన సలహా ఈ జవాబులో ఇంకొకటి లేదు. తన గురించే ఈ సినిమా పెట్టారని తెలిసిన క్షణంలో తొమ్మిదేళ్ల పిల్ల తలుపు మూసేసుకుంటుంది. పిల్లలు వేరేవాళ్ల కథలో తమను చూసుకోగలరు, కానీ అది మనం పట్టించినట్టు ఉండకూడదు.

అందరూ ఏడుస్తారని మీరు విన్న సీను చివర్లో వస్తుంది. బింగ్ బాంగ్ ఆ గోతిలోంచి ఆనందాన్ని పైకి పంపడానికి తాను రాకెట్ దిగిపోయి, మెల్లగా మాయమవుతాడు. పాప ఏడిస్తే వీపు మీద చెయ్యి వేయండి, మాటలు వద్దు. మీకు ఏడుపు వస్తే దాచుకోకండి. బాబు “వాడేడి?” అని అడిగితే, మళ్లీ వస్తాడులే అని అబద్ధం చెప్పకండి. “లేడు నాన్నా, రైలీ పెద్దదైపోయింది కదా, వాడు వెళ్లిపోయాడు. మనకు బాధగా ఉంది కదా” అంటే చాలు.

మీ అత్తగారి మాట గురించి కూడా చెప్పాలి. మన ఇళ్లలో “సంధ్యవేళ ఏడవకూడదు”, “మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా” అనేవి ఆవిడ కనిపెట్టినవి కావు, ఆవిడకు చిన్నప్పుడు చెప్పినవి. ఆవిడను కూడా చాప మీద కూర్చోబెట్టండి. ఊరు వదిలి వచ్చిన బెంగ ఆవిడకూ ఉంటుంది, బహుశా ఇంట్లో అందరికన్నా ఎక్కువ. పెళ్లయి అత్తారింటికి వచ్చిన కొత్తలో తాను ఎలా ఉందో ఒక నానమ్మ మనవరాలికి చెప్పడం నేను చూశాను. సినిమా అవగానే చెప్పడం మొదలుపెట్టింది, ఆ పిల్ల గంటసేపు కదల్లేదు.

సినిమా తర్వాత ఏం మాట్లాడాలి అన్నారు. ఆ రోజు ఏమీ అడగకండి. నీకు ఎవరు నచ్చారు అన్న ఒక్క ప్రశ్న చాలు, అదీ తినేటప్పుడు. అసలు మాటలు తర్వాతి రోజుల్లో వస్తాయి, ముఖాలు ఎదురెదురుగా లేనప్పుడు వస్తాయి. జడ వేస్తున్నప్పుడు, బండి మీద వెనక కూర్చున్నప్పుడు, చిక్కుడుకాయలు ఒలుస్తున్నప్పుడు. మీరు ముందు మీ సంగతి చెప్పండి. “ఈరోజు ఆఫీసులో అందరూ మరాఠీలో మాట్లాడుకుంటుంటే నాకు ఒక్కసారి మన ఊరు గుర్తొచ్చి దిగులేసింది” అనండి, అని ఊరుకోండి. బదులు రాకపోయినా ఫర్వాలేదు. రెండు మూడు రోజులకో, వారానికో పాప నుంచి ఒక ముక్క వస్తుంది. ఆ ముక్క వచ్చినప్పుడు సలహా చెప్పాలని నోరు తెరుచుకుంటుంది, ఆపుకోండి.

ఇక్కడ మాటల గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఇది మన భాషకు ఉన్న భాగ్యం. సినిమాలో ఉన్నవి ఐదే. కథ కోసం అలా కుదించారు, ఎక్మన్ చెప్పిన ఆరు మూల భావాల్లో ఆశ్చర్యాన్ని కూడా పక్కన పెట్టారు. మన నాట్యశాస్త్రం ఎనిమిది స్థాయీభావాలు, అంటే మనసులో స్థిరంగా ఉండే భావాలు, చెప్పింది. అందులో హాసం, శోకం, క్రోధం, భయం, జుగుప్స అనే ఐదూ ఈ సినిమా ఐదుగురికి దగ్గరగా ఉంటాయి. మీ పాప కూచిపూడి నేర్చుకుందని రాశారు, కాబట్టి ఇది తనకు చెబితే సరదాపడుతుంది. అంతకన్నా గొప్పవి ఇంటి మాటలు. బెంగ, దిగులు, గుబులు, బెరుకు, బిడియం, మొహమాటం, ఉక్రోషం, కుళ్లు, అలక, చిన్నబుచ్చుకోవడం. బెంగ వేరు, దిగులు వేరు. బెంగ అంటే ఫలానా మనిషి మీదో ఊరి మీదో పెట్టుకునేది. కోపం వేరు, అలక వేరు. అలిగిన మనిషి ఎవరో వచ్చి బతిమాలాలని ఎదురుచూస్తూ ఉంటుంది. ఉక్రోషంలో కోపంతో పాటు ఏడుపు, చేతకానితనం కలిసి ఉంటాయి. పాప “ఐ యామ్ సాడ్” అన్నప్పుడు “దిగులా, బెంగా?” అని అడిగి చూడండి. నా అనుభవంలో పిల్లలు ఒక్క క్షణం ఆగి, లోపలికి చూసుకుని మరీ జవాబు చెబుతారు. పేరు దొరికిన బాధ చేతికి అందుతుంది.

ఒక జాగ్రత్త. ఈ సినిమా చూశాక కొందరు పిల్లలు “నేను కొట్టలేదు, నాలో కోపం బటన్ నొక్కింది” అంటారు. బాబుకు ఇది చాలా నచ్చుతుంది. కోపం రావడం తప్పు కాదు, చెయ్యి మాత్రం నీదే అని నెమ్మదిగా, ప్రతిసారీ చెప్పాలి.

2024లో వచ్చిన రెండో భాగం ఇప్పుడే వద్దు. అందులో రైలీకి పదమూడేళ్లు, ఆందోళన అనే కొత్త పాత్ర వచ్చి బోర్డు లాక్కుంటుంది. హాకీ ఆట మధ్యలో ఆ పిల్లకు ఊపిరాడక గుండె దడదడలాడే సీను చాలా నిజంగా ఉంటుంది. అది ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల కోసం. మీ పాపకు మొదటిది చాలు.

సినిమా మందు కాదు. ఇవి కనిపిస్తే సినిమా పక్కన పెట్టి పిల్లల డాక్టర్ దగ్గరికి, అక్కడి నుంచి పిల్లల సైకాలజిస్టు దగ్గరికి వెళ్లండి: రెండు వారాలు దాటినా తిండి, నిద్ర సరిగ్గా లేకపోవడం, పొద్దున్నే స్కూల్ టైంకి రోజూ కడుపునొప్పి, ఇంతకుముందు ఇష్టమైన ఆటలు పూర్తిగా వదిలేయడం, స్కూల్లో ఎవరైనా ఏడిపిస్తున్నారన్న అనుమానం. తనకు తాను హాని చేసుకునే మాట ఒక్కటి వచ్చినా ఆ రోజే వెళ్లాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబర్ 14416 ఉంది. ఉచితం, తెలుగులో కూడా మాట్లాడతారు. తల్లిదండ్రులు కూడా ఫోన్ చేసి అడగవచ్చు.

సినిమా చివర్లో రైలీ బస్సు దిగి ఇంటికి వస్తుంది. నేను సంతోషంగా ఉండాలని మీరు అనుకుంటున్నారు, కానీ నాకు మా ఊరు గుర్తొస్తోంది అని చెప్పి ఏడుస్తుంది. అమ్మానాన్నలు సర్ది చెప్పరు. తమకూ అక్కడి అడవి, పెరడు గుర్తొస్తున్నాయని నాన్న చెప్పుకుంటాడు. ముగ్గురూ కలిసి పట్టుకుంటారు. ఆ క్షణంలో పుట్టే జ్ఞాపకం సగం ఆనందం రంగు పసుపు, సగం దిగులు రంగు నీలం. ఆ సీను అయ్యాక మీ ఇంట్లో ఎవరైనా వరంగల్ పేరు ఎత్తితే, టీవీ కట్టేసి, ఫోన్‌లో పాత ఇంటి ఫొటోలు తీయండి. డాబా మీద దిగినవి, స్కూల్ వార్షికోత్సవానివి, అన్నీ. పాప తన బెంచీ ఫ్రెండ్‌తో వీడియో కాల్ అడిగితే వెంటనే కలపండి, కాల్ అయ్యాక ఏడ్చినా మానిపించకండి. దసరా సెలవులకు వరంగల్ వెళ్లే ఆలోచన ఉంటే టికెట్లు తీసుకున్నాక తేదీ చెప్పండి, అంతకుముందు చెప్పకండి. క్యాలెండర్‌లో ఆ తేదీ మీద పాప చేతే గుర్తు పెట్టించండి. చూశాక ఎలా జరిగిందో రాయండి, నేను చదువుతాను.